తీర్పు ఆఖర్న: నవలను నైతిక విమర్శ పద్ధతిలో చదవడం ఎలా

నవల ముగియగానే మన నోట వచ్చే మాటలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. "వాడు దుర్మార్గుడు", "ఆ పిల్ల పాపం", "నేనైతేనా, అక్కడే కడిగేసేవాణ్ని". ఇలా అనిపించడంలో తప్పేమీ లేదు. కానీ విమర్శను ఈ మాటలతో మొదలుపెడితే అక్కడికక్కడే అయిపోతుంది, ఇక చెప్పడానికేమీ మిగలదు. నైతిక సాహిత్య విమర్శ చేసే మొదటి పని ఈ తీర్పును వాయిదా వేయడం. పాత్ర ఎవరికి ఏ వరస అవుతుంది, ఆ క్షణంలో దాని ముందు ఎన్ని దారులున్నాయి, అది ఎంచుకున్న దారికి మూల్యం ఎవరు కట్టారు, ఈ మూడూ తేలేదాకా మంచీచెడూ మాట ఎత్తొద్దంటుంది.

ఈ పేరుతో పద్ధతిని 2004లో ప్రతిపాదించింది చైనా విమర్శకుడు నియె జెన్‌జావ్. పాత్రకున్న నైతిక స్థానం, అది చేసే ఎంపిక, దాటకూడని నిషేధం, కథలో పడే ముడి అనేవి ఆయన చేతిలోని ముఖ్యమైన పనిముట్లు. అంతకుముందే, 1988లో, అమెరికా విమర్శకుడు వేన్ బూత్ వేరే వైపు నుంచి వచ్చాడు. పుస్తకం చదవడమంటే ఒకరితో సావాసం చేయడమే, ఆ సావాసం మనల్ని ఎటు తీసుకెళ్తోందో చూసుకోవాలన్నాడు. ఇక్కడ చెప్పే పద్ధతిలో మొదటి సగం నియెది, చివరి సగం బూత్‌ది. ఈ రెండూ కలిపి వాడితేనే ఆధునిక నవల లొంగుతుంది. ఒక్కటే వాడితే పాత్రల లెక్కయినా తప్పుతుంది, మన లెక్కయినా తప్పుతుంది.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి

చిన్నది, ఒక ఇంట్లో జరిగేది, 'నేను' అని చెప్పుకుపోయే కథకుడున్నది తీసుకోండి. ఆరేడు వందల పేజీల వంశగాథతో మొదలుపెడితే వరసలు తేల్చేసరికే ఓపిక అయిపోతుంది.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు అభ్యాసం కోసం వివేక్ శాన్‌భాగ్ కన్నడ నవల 'ఘాచర్ ఘోచర్' కన్నా అనువైనది తట్టడం లేదు. 2013లో కన్నడంలో వచ్చింది. శ్రీనాథ్ పేరూర్ ఇంగ్లీషు అనువాదం 2015లో వచ్చింది. ఇంగ్లీషులో 120 పేజీలకు అటూ ఇటూ. కథంతా ఈ ఊళ్లోదే. ఉద్యోగం పోయిన తండ్రి, మసాలా పొడుల వ్యాపారం పెట్టి ఇంటిని పైకి తెచ్చిన చిక్కప్ప (అంటే బాబాయి), తల్లి, అక్క మాలతి, కొత్తగా వచ్చిన కోడలు అనిత, వీళ్లందరి గురించీ కాఫీ హౌస్‌లో కూర్చుని మనకు చెప్పే పేరులేని కథకుడు. పైకి చూస్తే మనకు తెలిసిన ఇల్లే. ఇక్కడ నేర్చుకునేవాడికి పరీక్ష పెట్టేది కూడా సరిగ్గా అదే. కథ ముందే తెలిస్తే చదవలేననుకునేవాళ్లు పుస్తకం పూర్తిచేసి ఇటు రండి, కింద దాచేదేమీ లేదు.

మొదటి చదువు: పెన్సిలు చుక్కలు మాత్రమే

వైట్‌ఫీల్డ్ నుంచి ఎంజీ రోడ్డుకు మెట్రోలో రోజూ వచ్చిపోయేవాళ్లకు ఇది మూడు నాలుగు రోజుల్లో అయిపోయే పుస్తకం. మొదటిసారి నోట్స్ రాయొద్దు. ఎక్కడ మనసు కాస్త ఇబ్బందిపడిందో అక్కడ మార్జిన్‌లో ఒక చుక్క పెట్టి ముందుకు పోవాలి. ఎందుకు ఇబ్బందిపడిందో అప్పుడే తేల్చొద్దు.

పది పదిహేను చుక్కలు పడితే బాగుంది. నలభై పడ్డాయంటే మీరు చదవడం లేదు, రచయితతో తగవు పడుతున్నారు. ఒక్కటీ పడలేదంటే కథకుడు మిమ్మల్ని బుట్టలో వేసుకున్నాడు. ఈ నవలలో ఎక్కువమందికి జరిగేది ఈ చివరిదే. గొంతు అంత నెమ్మదిగా, మర్యాదగా ఉంటుంది మరి.

వరసల పట్టిక

రెండో చదువుకు ముందు ఒక ఏ4 కాగితం అడ్డంగా తిప్పి నాలుగు గళ్లు గీయండి: పాత్ర, ఎవరికి ఏమవుతుంది, ఆ వరస ఏం చేయమంటోంది, ఆ వరస వల్ల ఏం దక్కుతోంది. నియె 'నైతిక స్థానం' అన్నదానికి మన ఇళ్లలో దగ్గరి మాట వరసే. కాకపోతే రక్తసంబంధాలతో ఆపకుండా జీతం, వాటా, అప్పు, ఆశ్రయం కూడా రాయాలి. నాలుగో గడి చాలామంది వదిలేస్తారు. అసలు సరుకంతా అందులోనే ఉంటుంది.

కథకుణ్ని తీసుకోండి. అతను కొడుకు, తమ్ముడు, భర్త, చిక్కప్ప కంపెనీలో పేరుకు డైరెక్టరు. కొడుకు వరస తల్లికి ఎదురు చెప్పొద్దంటుంది. భర్త వరస అనిత పక్కన నిలబడమంటుంది. డైరెక్టరు హోదా అయితే ఏ పనీ చేయమనదు, జీతం మాత్రం ఇస్తుంది. ఈ మూడో వరస వల్ల దక్కేదే మొదటి రెండు వరసల మధ్య తగువును ఎలా తీర్చాలో నిర్ణయిస్తోంది. తల్లికి ఎదురు చెబితే చిక్కప్పకు కోపం, చిక్కప్పకు కోపమొస్తే జీతం లేదు. ఈ గొలుసు నవలలో ఒక్క వాక్యంగా ఎక్కడా ఉండదు, పట్టిక వేస్తే కనబడుతుంది.

తండ్రి గడి ఇంకా ఆసక్తికరం. రిటైర్‌మెంటు డబ్బు తమ్ముడి వ్యాపారంలో పెట్టాడు కాబట్టి అందులో సగం ఆయనది. ఇల్లు నడిచేది తమ్ముడి మాట మీదైనా ఆస్తిలో సగం మీద సంతకం పెద్దాయనదే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం స్వార్జితాన్ని ఎవరికైనా వీలునామా రాయొచ్చు. ఆయన ఏ ధర్మసంస్థకో రాసిచ్చేస్తాడేమోనని ఇంట్లోవాళ్లకు గుబులు. అందుకే ఆయన దగ్గర అంత జాగ్రత్త. ఆ మర్యాదలో ప్రేమ ఎంత, వాటా ఎంత అనే ప్రశ్న పట్టికలో రాసుకుని పెట్టుకోండి. జవాబు ఇప్పుడే అక్కర్లేదు.

ఒకే మనిషిలో రెండు వరసలు రెండు వైపులకు లాగిన చోట ముడి పడుతుంది. నియె తరచూ చూపే ఉదాహరణ గ్రీకు నాటకంలోని ఈడిపస్: ఒకే ఆడమనిషికి కొడుకూ భర్తా కావడం. ఆధునిక నవలలో ముడి అంత భయంకరంగా పడదు. పొద్దున టిఫిను దగ్గర పడుతుంది, సాయంత్రం టీ దగ్గర బిగుస్తుంది.

కాలం కట్టుబాట్లు

పాత్రను దాని కాలం కట్టుబాట్లలో పెట్టి చూడాలన్నది ఈ పద్ధతిలో గట్టి నియమం. నేటి నీతిని నిన్నటి మనిషి నెత్తిన రుద్దకూడదు. తెలుగులో దీనికి మంచి పరీక్ష చలం 'మైదానం'. 1927 నాటి నవల. వకీలు భార్య రాజేశ్వరి ఇల్లూ భర్తా వదిలి అమీర్‌తో వెళ్లిపోతుంది. "విడాకులు తీసుకుని వెళ్లొచ్చుగా" అని ఈనాటి పాఠకుడు అడిగితే అది విమర్శ కాదు, తొందరపాటు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. ఈ నవల నాటికి రాజేశ్వరి లాంటి స్త్రీకి విడాకులనే తలుపే లేదు. ఉన్న తలుపులు రెండే: ఉండిపోవడం, లేచిపోవడం. తలుపులెన్నో తెలియకుండా ఎంపికను తూచలేం.

అలాగని "ఆ రోజులు అలాంటివి" అని అన్నిటినీ మాఫీ చేయడం దీనికి అవతలి గొయ్యి. దానికో పరీక్షుంది: నవల లోపలే ఎవరైనా ఆ పనిని తప్పన్నారా? అన్నారంటే ఆ కాలంలోనే దాన్ని తప్పుగా చూడగల కళ్లున్నాయని అర్థం, కాలం సాకు చెల్లదు. 'ఘాచర్ ఘోచర్'లో ఆ కళ్లు అనితవి. ఇంటి పద్ధతిని బాహాటంగా ప్రశ్నించేది ఆమె. కాబట్టి కథకుడు "మా ఇంట్లో అంతే" అన్న ప్రతిచోటా ఆ మాట సమాచారం కాదు, సమర్థన. అక్కడ ఒక గీత గీయండి.

ఎంపిక జరిగిన చోటు పట్టుకోవడం

ఇదే అసలు పని, ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. నవల మొత్తంలో మూడు చోట్లకు మించి ఎంచుకోవద్దు. ఒక్కో చోటుకు అరపేజీ చొప్పున ఈ ఐదింటికి జవాబులు రాయాలి. నిర్ణయం ఎవరిది? ఆ క్షణానికి వాళ్లకు ఏం తెలుసు? చేయగలిగినవి ఏమేమి ఉన్నాయి? ఏది చేశారు? దెబ్బ ఎవరికి తగిలింది?

మసూర్ పప్పు కూర సన్నివేశంతో చేసి చూద్దాం. ఒకావిడ చిక్కప్పను వెతుక్కుంటూ ఇంటి గుమ్మం దాకా వస్తుంది. ఆయనకు ఇష్టమని మసూర్ పప్పు కూర చేసి తెస్తుంది. ఇంటి ఆడవాళ్లు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టి తరిమేస్తారు. తెచ్చిన కూర నేలపాలవుతుంది. చిక్కప్ప లోపలే ఉండి బయటికి రాడు. కథకుడు చూస్తూ ఉంటాడు.

"నిర్ణయం ఎవరిది" అన్న దగ్గరే చాలామంది తడబడతారు. కంటికి కనిపించేది తిట్టిన ఆడవాళ్లు కాబట్టి తప్పంతా వాళ్ల ఖాతాలో వేసేస్తారు. ఇక్కడ నిర్ణయాలు కనీసం మూడున్నాయి: తిట్టడం, దాక్కోవడం, చూస్తూ ఉండిపోవడం. ఒక్కోదానికి విడిగా అరపేజీ రాయండి. తిట్టినవాళ్లకు ఏం తెలుసు? వచ్చినావిడకు చిక్కప్పతో ఏదో సంబంధం ఉందని తెలుసు, ఇల్లు నడిచేది ఆయన సంపాదన మీదని తెలుసు. ఆ సంపాదనలోకి ఇంకొకరు వాటాకు వస్తున్నారన్న భయం వాళ్ల కోపానికి కింద మంట. చిక్కప్పకు ఏం తెలుసు? అన్నీ తెలుసు. గుమ్మంలోకి వచ్చి ఒక్క మాటంటే ఆగిపోయే గొడవ అది. కథకుడికి? ఇది తప్పని తెలుసు. తెలుసని మనకు చెబుతాడు కూడా. చెప్పడంతో తన బాకీ తీరిపోయినట్టు ఉంటుంది ఆ చెప్పే తీరు.

"దెబ్బ ఎవరికి" అన్న గడిలో వచ్చినావిడ పేరు తేలిగ్గా రాసేస్తాం. రెండో పేరు కూడా రాయాలి: అనిత. ఈ ఇంట్లో ఇష్టంలేని ఆడదాని గతి ఏమిటో ఆమె ముందు జరిగిపోయింది. నవల చివర అనిత ఊరి నుంచి తిరిగి రావడం ఆలస్యమై కథకుడు బెంబేలుపడే పేజీలకు విత్తనం ఈ కూర గిన్నె దగ్గరే పడింది.

రెండో చదువులో ఇంకో విషయం గమనించండి. ఇంట్లో చీమల బెడద, వాటిని నలిపి చంపడంలో ఇంటిల్లిపాదీ చూపే హుషారు, ఇవి పాత ఇంటి జ్ఞాపకాలైనా నవలలో కూర సన్నివేశం తర్వాత వస్తాయి. కాలక్రమం తిప్పి చదివితే చీమలు ముందు, మనిషి తర్వాత. నియె మనిషిలో మానవాంశ, మృగాంశ రెండూ కలిసి ఉంటాయని చెబుతూ స్ఫింక్స్ బొమ్మను చూపిస్తాడు: మనిషి తల, సింహం ఒళ్లు. ఈ మాటను పెద్ద పెద్ద నేరాలకు అంటించడం తేలిక, అలా అంటిస్తే ఏమీ తెలియదు. చీమను నలిపేటప్పటి సరదా ఎప్పుడు మనిషి మీదికి మళ్లిందో చూపించగలిగితే అది పనికొచ్చే పరిశీలన. సింహం ఒళ్లు గాని, స్ఫింక్స్ గాని మీ వ్యాసంలో లేకపోయినా ఫరవాలేదు.

ఏమీ చేయని మనిషి

పాత నవలల్లో నాయకుడు ఏదో ఒకటి చేస్తాడు, కాబట్టి ఎంపిక కనిపిస్తుంది. ఆధునిక నవలలో చాలాసార్లు ఏమీ చేయకపోవడమే కథ. వాళ్ల విషయంలో ప్రశ్న మార్చాలి: మాట్లాడటానికి అవకాశం ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు జారవిడిచాడు? పేజీ నంబర్లు వరసగా రాయండి. ఒక్కసారి నోరుమూసుకోవడం బెదురు కావచ్చు. ఐదుసార్లయితే అది అతను ఎంచుకున్న బతుకు. నవల చివర ఇంట్లో అందరూ కూర్చుని పేపర్లో వచ్చిన హత్యల గురించి, డబ్బుంటే ఏదైనా చేయించొచ్చన్న ధోరణిలో మాట్లాడుకునే చోట ఈ లెక్క ఒక్కసారిగా బరువెక్కుతుంది. అనితకు ఏమైందో రచయిత చెప్పడు. మీరూ చెప్పొద్దు. "చంపించేశారు" అని తేల్చేస్తే తప్పు హంతకుడి మీదికి పోతుంది, కథకుడు బతికిపోతాడు. నవల తలుపు తెరిచే ఉంచింది అతన్ని పోనివ్వకుండా ఉండటానికే.

ఎవరికి మాట ఇవ్వలేదు

కొంచెం చిన్న పని, కానీ వదలొద్దు. నైజీరియా రచయిత చినువా అచేబె 1975లో ఒక ప్రసంగంలో జోసెఫ్ కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్'ను పట్టుకుని, ఆఫ్రికాలో జరిగే కథలో ఆఫ్రికన్లకు భాషే దాదాపు దక్కలేదని ఎత్తిచూపాడు. ఆ ప్రశ్నే ఇక్కడా వేయండి. కూర తెచ్చినావిడ మాటలు ఎన్ని వాక్యాలు? ఆమె గురించి మిగతావాళ్లు అన్నవి ఎన్ని? లెక్కపెట్టి రాయండి. తర్వాత ఒక మెట్టు పైకెక్కి అడగండి: ఆమెకు మాట ఇవ్వనిది రచయితా, కథకుడా? కథకుడి గుడ్డితనాన్ని చూపించడానికి రచయిత వాడుకున్న మౌనం వేరు, రచయితకే ఆమె కనబడకపోవడం వేరు. దీన్ని కలిపేస్తే మంచి నవల చెడ్డదవుతుంది, చెడ్డది మంచిదవుతుంది.

సావాసం లెక్క

ఇప్పుడు మొదటి చదువులో పెట్టిన చుక్కలు, రెండో చదువులో గీసిన గీతలు పక్కపక్కన పెట్టండి. గీత ఉండి చుక్క లేని చోట్లన్నీ కథకుడు మిమ్మల్ని తన పక్కన కూర్చోబెట్టుకున్న చోట్లు. ఏ మాటతో కూర్చోబెట్టుకున్నాడో వెతకండి. సాధారణంగా అది ఒక హాస్యం, లేదా "మీకు తెలియనిదేముంది" అన్న చనువు, లేదా తన తప్పును తానే ముందుగా ఒప్పుకోవడం. ఈ చివరిది అన్నిటికన్నా గట్టి ఎత్తు. ఒప్పుకున్నవాణ్ని ఇంకా ఏమనాలో మనకు తోచదు.

తేల్చుకోవడానికి ఒక పని చేయండి. ఒక పేరాలో 'నేను' ఉన్న ప్రతిచోటా 'అతను' అని పెట్టి, పైకి చదవండి. "నేను ఏమీ అనలేకపోయాను" అన్నప్పుడు వచ్చిన జాలి "అతను ఏమీ అనలేకపోయాడు" అన్నప్పుడు ఎంత మిగిలిందో చూడండి. తగ్గినదంతా గొంతు చేసిన మాయ.

వ్యాసం రాయడం

600 మాటలు చాలు. కథ సారాంశానికి అందులో 80 దాటనివ్వొద్దు. మొదటి వాక్యంలోనే మనిషి, ఎంపిక, చోటు మూడూ ఉండాలి.

"ఈ నవల డబ్బు మనుషుల్ని ఎలా పాడుచేస్తుందో చెబుతుంది" అనేది పనికిరాని వాక్యం. పుస్తకం చదవకుండానే రాయొచ్చు. "గుమ్మంలో గొడవ జరుగుతుంటే చిక్కప్ప గదిలోంచి రాకపోవడం, కథకుడు చూస్తూ ఉండిపోవడం ఒకే రకం తప్పు కాదు, మొదటిదానిలో అధికారం ఉంది, రెండోదానిలో జీతం ఉంది" అనేది పనికొచ్చే వాక్యం. దీనితో ఎవరైనా విభేదించొచ్చు, పుస్తకం తెరిచి చూపించి మరీ విభేదించొచ్చు.

మంచీచెడూ తీర్పు ఆఖరి పేరాలో ఇవ్వండి, ఇవ్వకుండా తప్పించుకోవద్దు. అంతా విశ్లేషించి "నిర్ణయం పాఠకులదే" అని చేతులు దులుపుకోవడం ఈ మధ్య బాగా కనిపిస్తున్న జబ్బు. రచయిత జీవితం, అవార్డులు, ఇంటర్వ్యూలు మాత్రం పూర్తిగా వదిలేయండి. నవలలో లేని సాక్ష్యం ఇక్కడ చెల్లదు.

నలుగురితో కలిసి చేస్తే

నలుగురి నుంచి ఆరుగురి దాకా, గంటన్నర. కబ్బన్ పార్కు చెట్టు కింద అయినా, చర్చ్ స్ట్రీట్‌లో కాఫీ దగ్గర అయినా సరే. శనాదివారాల సాయంత్రం చర్చ్ స్ట్రీట్‌లో ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి పొద్దున పూట పెట్టుకోండి. కన్నడం చదవగలిగినవాళ్లు ఒక్కరైనా ఉంటే మూలం వాళ్ల చేతిలో ఉండాలి. ఇంగ్లీషు పాఠకులు ఒక మాట మీద వాదం కట్టే ముందు ఆ వాక్యం కన్నడంలో పైకి చదివించండి. ఇళ్లలో తిట్ల ఘాటు అనువాదంలో ఎక్కువగా తగ్గేదే. ఈ ఊళ్లో పదేళ్లున్న తెలుగువాళ్లకు ఆ కన్నడం చెవికి బాగానే అందుతుంది.

మొదటి అరగంట ఎవరూ 'మంచి', 'చెడు', 'పాపం', 'దుర్మార్గం' అనకూడదని ముందే మాట తీసుకోండి. వరసల పట్టిక నడుమ పెట్టి అందులో తేడాలు మాత్రం మాట్లాడండి. తర్వాత నలభై నిమిషాలు ఒక్క సన్నివేశానికే ఇవ్వండి. చివరి ఇరవై నిమిషాల్లో ఒక్కొక్కరు ఒక్కో తీర్పు చెప్పి, దానికి ఆధారమైన పేజీ చూపించాలి. "మా ఇంట్లోనూ ఇంతే" అంటూ ఎవరైనా సొంత అత్తగారి దగ్గరికి వెళ్లిపోతే, అది తప్పకుండా జరుగుతుంది, వినండి గాని పేజీ అడగండి. పేజీ లేకపోతే ఆ మాటను ఫిల్టర్ కాఫీ దగ్గరికి వాయిదా వేయండి.